పేరు చెప్పని పసరు

రేపల్లె పోలీసు స్టేషన్ వరండాలో, పసరు నూరిన కల్వం గంట్లలో ఎండి అంటుకుపోయిన ఆకు నలుసును భూతద్దం కింద మూడోసారి చూశాక వసుంధరకు ఇక సందేహం మిగల్లేదు: అక్క తాగింది కామెర్ల మందు కాదు.

కామెర్లకు వాడే నేల ఉసిరి ఆకు చింతాకు కన్నా చిన్నది, నున్నటిది. ఎంత నూరినా ఆవగింజలంత కాయల తొక్కలు అక్కడక్కడా మిగులుతాయి. ఈ నలుసుకు సన్నటి నూగు ఉంది. మధ్య ఈనె లావుగా, రాతికింద నలిగినా తెగకుండా నిలబడింది. బాపట్ల కాలేజీలో మూడేళ్ళుగా ఆకులు కోసి గాజు పలకల మధ్య పెట్టి చూస్తున్న కళ్ళు ఆమెవి. ఇది ఏ ఆకో ఆ కళ్ళు చెప్పలేకపోయాయి గాని, ఏది కాదో చెప్పగలిగాయి.

జరిగింది ఆదివారం. తెల్లవారుజామున భట్టిప్రోలులో పున్నారావు మాస్టారి ఇంట ఇద్దరు పసరు తాగారు. అంగలకుదురు నుంచి వచ్చిన చెంచురామయ్య అనే రైతు ఆ రాత్రికే పోయాడు. రెండో మనిషి వసుంధర అక్క మాణిక్యాంబ. సంగం జాగర్లమూడిలో కాపురం. కళ్ళు పచ్చబడితే, పసరు పోయించుకుందామని పుట్టింటికి వచ్చింది. ఇప్పుడు తెనాలి ఆసుపత్రిలో పడి ఉంది. నాడి నిమిషానికి నలభై. డాక్టరు విజయమ్మ ఈ మంగళవారం పొద్దున్నే వసుంధరను పక్కకు పిలిచి విషయం దాచకుండా చెప్పింది. ఏ ఆకు తాగిందో తెలిస్తే విరుగుడు ప్రయత్నించవచ్చు. తెలియకుండా సూది వేస్తే ఆ సూదే ప్రాణం తీయవచ్చు. ఈ రాత్రి గడవాలంటే సాయంత్రం లోపల పేరు కావాలి. నలుసును పరీక్షకు హైదరాబాదు పంపితే జవాబు మూడు వారాలకు వస్తుంది.

కాని ఆ పసరులో ఏముందో అడగకూడదు. పున్నారావు తండ్రి వెంకట్రామయ్య గారి కాలం నుంచీ, ఆయన తండ్రి కాలం నుంచీ అదే కట్టుబాటు. ఆకు పేరు నోట పలికితే పసరు పారదు. ఇచ్చేవాడు చెప్పడు, తాగేవాడు అడగడు. వెంకట్రామయ్య పోయి ఏడాది అయింది. కొడుకు పున్నారావు ఊరి బళ్ళో పాఠాలు చెప్పుకుంటూనే ఆదివారం ఆదివారం పసరు పోస్తున్నాడు. ఆకు కోసి గుడ్డలో చుట్టి తెచ్చేది మాత్రం ముప్పయ్యేళ్ళుగా ఒక్క అంకాలమ్మే. ఆ అంకాలమ్మ ఇప్పుడు ఇదే వరండా చివర, స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. రేపు ఆమెను తెనాలి కోర్టుకు తీసుకుపోతారు.

హెడ్ కానిస్టేబుల్ లాజరు చెడ్డవాడు కాదు. విసిగిపోయినవాడు. నిన్నటి నుంచి ముసలిదాన్ని ఇరవై సార్లు అడిగానని, ఏ ఆకు తెచ్చావంటే గోడకేసి చూస్తుందని, దాచేది లేకపోతే చెప్పడానికి నొప్పేమిటని వసుంధరతో అన్నాడు. తనకు తెలిసిన ఆకులు రెండేనట, తమలపాకూ పొగాకూ. ఆ రెండిటి పేర్లూ ఎవరడిగినా చెబుతాడట.

వసుంధర సంచిలోంచి ఒక చిన్న మొక్క తీసింది. వచ్చేటప్పుడు స్టేషన్ ప్రహరీ పక్కన పీకింది. సన్నటి రెమ్మలు, రెమ్మల అడుగున వరసగా కాయలు. అంకాలమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పేరెత్తకుండా దాన్ని ఆమె చేతికి అందించబోయింది.

ముసలామె చెయ్యి అలవాటుగా ముందుకొచ్చింది. అంతలోనే నిప్పు తగిలినట్టు వెనక్కి పోయింది. రెండు చేతులూ కొంగులో దాచుకుని, దూరం నుంచే ఆ మొక్కకు తల వంచింది.

“నాకు మైల అమ్మాయిగారూ. ముట్టుకోకూడదు.”

“ఎప్పటి నుంచి అవ్వా?”

“శుక్రవారం మా మరిది పోయాడు. పదోరోజు దాకా ఆకు జోలికి పోను. శనివారం పొద్దున్నే మాస్టారి గుమ్మం బయట నిలబడి చెప్పొచ్చాగా.”

లాజరు కుర్చీలోంచి లేచాడు. ఆదివారం ఆకు తెచ్చింది నువ్వు కాదా అని గద్దించాడు. అంకాలమ్మ ఆయన వంక తాపీగా చూసింది.

“ఏ ఆకు తెచ్చావని అడిగారు గాని, తెచ్చావా అని ఎవురూ అడగలేదయ్యా. అది మాస్టారు చెప్పుంటారనుకున్నా.”

నూరిన ముద్ద చూసి అదేమిటో చెప్పేందుకు ఆమె కళ్ళు ఆనవు. రెండిటికీ శుక్లాలు. ముప్పయ్యేళ్ళుగా ఆమె ఆ ఆకును వేళ్ళతో వెతికి కోస్తోంది.

లాజరు బల్ల సొరుగులోంచి కాగితం తీసి మళ్ళీ చదివాడు. పున్నారావు మాస్టారు సంతకం చేసి ఇచ్చిన వాంగ్మూలం. శనివారం సాయంత్రం అంకాలమ్మ ఎప్పటిలాగే ఆకు తెచ్చి ఇచ్చిందని అందులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. అంటే ఇద్దరిలో ఒకరు అబద్ధం ఆడుతున్నారు. ఎవరన్నది వసుంధరకు అర్థమైంది. మైల పేరు చెప్పి అబద్ధం ఆడే మనిషి కాదు అంకాలమ్మ.

అయినా లెక్క కుదరలేదు. అంకాలమ్మ తేకపోతే ఆకు మాస్టారే కోసి ఉండాలి. ఆయన వెంకట్రామయ్య కొడుకు, మూడు తరాల మందుకు వారసుడు. ఆయనకు ఆకు తప్పిపోయే వీల్లేదు. తప్పలేదంటే తెలిసే మరో ఆకు నూరాడు. తెలిసి ఎందుకు నూరతాడు? చెంచురామయ్య ముఖం ఆయన అంతకుముందు ఎరగడు. మాణిక్యాంబ ఆయన దగ్గర చదువుకున్న పిల్ల. ఆదివారం మధ్యాహ్నం ఆమె వాంతులతో పడిపోతే రిక్షా తెచ్చింది ఆయనే, రైల్లో తల ఒళ్ళో పెట్టుకుని తెనాలి దాకా వచ్చింది ఆయనే. ఆసుపత్రి బల్ల మీద తెల్లవార్లూ కూర్చున్నదీ ఆయనే.

భట్టిప్రోలు వెళ్ళి ఆయన్నే అడగాలి అంది వసుంధర. భట్టిప్రోలులో అయిదింటికి తెనాలి పోయే రైలుంది. పేరు తీసుకుని ఆ రైలెక్కితే చాలు. లాజరు టోపీ పెట్టుకున్నాడు.

బస్సు కాలువ పక్కగా పోతుంటే మబ్బు పట్టింది. సెప్టెంబరు నెల, కాలువలు నిండుగా ఉన్నాయి. లాకుల దగ్గరికి రాగానే వసుంధర కిటికీలోంచి చూసింది. పడమటి గట్టు నున్నగా చెక్కి ఉంది. మట్టి నల్లగా, పచ్చిగా కనిపించింది. నెల రోజుల కిందట తను చూసినప్పుడు మోకాటి ఎత్తున పచ్చదనం. ఈ వానల్లో గట్టు చెక్కించేవాళ్ళుంటారా అని ఆమె లాజరుని అడిగింది. ఆయన ఎవరికి పనిలేదో పాపం అన్నాడు.

బళ్ళో ఆఖరి పీరియడ్లు నడుస్తున్నాయి. పున్నారావు మాస్టారు ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాడు. నలభయ్యేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, భుజం మీద మడత పెట్టిన కండువా. వసుంధరను చూడగానే సుద్దముక్క కింద పెట్టి, ముందు అక్క సంగతే అడిగాడు. నాడి నలభైకి దిగిందని ఆమె చెప్పింది. పిల్లల్ని బయటికి పంపి, ఇద్దరినీ గదిలో కూర్చోబెట్టాడు.

మైల మాట ఎత్తేసరికి ఆయన నిట్టూర్చాడు. అంకాలమ్మకు మతి నిలకడ తప్పిందని, ఏ రోజు ఏం చేసిందో ఆమెకే గుర్తుండదని, శనివారం చీకటి పడ్డాక గుడ్డ మూట గుమ్మంలో పెట్టిపోయిందని, అది విప్పి తను లాంతరు వెలుతురులో నూరానని నెమ్మదిగా, పాఠం చెప్పినంత పద్ధతిగా చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. లాజరు తల ఊపుతూ విన్నాడు.

వసుంధర వినడం మానేసింది. ఆమె చూపు గోడ మీద మొక్కల పేర్లు రాసిన అట్టల మీద నిలిచింది. ఆగస్టులో తన లెక్చరరు గారు, తనూ మరో నలుగురు విద్యార్థులూ ఈ బడికి వచ్చారు. ఈ కాలం పిల్లలకు ఎన్ని మందు మొక్కలు తెలుసో లెక్క కట్టడానికి. బల్ల మీద నలభై మొక్కలు పరిచారు. మాస్టారు పుస్తకం లేకుండా నలభై పేర్లూ, దేని గుణం ఏమిటో, ఏ రోగానికి ఎంత మోతాదో ఏకధాటిగా చెప్పాడు. చీటీల మీద పేర్లు రాసింది ఆయనే. లెక్చరరు గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు. ఆ రోజు తనకూ గర్వంగానే అనిపించింది, మా ఊరి మాస్టారని.

చీటీలు మొక్కల పక్కన పెట్టింది ఎవరు? ఆమె కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. చీటీ చదివి మాస్టారు చెయ్యి చాపితే పిల్లలు అందుకునేవాళ్ళు. ఎగబడి, తోసుకుని, మొక్క పక్కన పెట్టేవాళ్ళు. నలభై చీటీలూ పిల్లలే పెట్టారు. ఆ రోజంతా మాస్టారు ఒక్క మొక్కనూ చేత్తో పట్టుకోలేదు.

ఆమె లేచి గుమ్మంలోకి వెళ్ళింది. వసారాలో రావమ్మ అనే పిల్ల లోపలి మాటలు వినడానికి చెవి పెట్టి, దొరికిపోయినందుకు నాలుక కరుచుకుంది. ఆగస్టులో అందరికన్నా ఎక్కువ మొక్కలు చెప్పింది ఆ పిల్లే. తండ్రికి మేకలున్నాయి. బడి వెనకాల దొరికిన మొక్కలు తలా ఒకటి పట్టుకు రమ్మని వసుంధర చెప్పింది. పెన్సిలు ఇస్తారా అని అడిగింది రావమ్మ. క్రితంసారి ఇచ్చారట. ఇస్తానంది వసుంధర.

పది నిమిషాల్లో బల్ల మీద పది మొక్కలు పడ్డాయి, వేళ్ళకు మట్టితో సహా. పిల్లలు మళ్ళీ వసారాలోకి పోయి కిటికీ చువ్వలకు వేలాడారు.

“ఇదేంటి వసుంధరా, నాకు పరీక్షా?” మాస్టారు నవ్వాడు.

“కాదండి. నూరిన ఆకు ఏదో మీరు చూడలేదంటున్నారు. అసలు ఆకును చూస్తే, దాని పక్కన పెరిగే ఏ మొక్క కలిసిపోయి ఉంటుందో నేను వెతుక్కుంటాను. పేరు పలకొద్దు మాస్టారూ. ఇందులో మీ ఇంటి ఆకు మీద వేలు పెట్టండి చాలు.”

పరాయివాళ్ళ ముందు ముట్టుకోవడం ఆచారం కాదన్నాడాయన. అక్క ప్రాణం పోతోందంది ఆమె. లాజరుని బయటికి పంపమన్నాడు. లాజరు మాట్లాడకుండా లేచి గుమ్మం అవతల నిలబడ్డాడు. ఇక చెప్పడానికి ఏమీ మిగలక మాస్టారు బల్ల దగ్గరికి వచ్చాడు.

బల్ల ఈ చివర నుంచి నడవడం మొదలుపెట్టాడు. నడుస్తూ మాట్లాడాడు. గుంటగలగర జుట్టుకు మంచిదన్నాడు. ఉత్తరేణి పంటికి, నేలవేము జ్వరానికి, తుమ్మి జలుబుకు, గలిజేరు వాపులకు. గుణాలన్నీ తప్పు లేకుండా చెప్పాడు. ఆయన చెబుతున్న వరస వేరు, బల్ల మీద మొక్కల వరస వేరు. గలిజేరు అన్నప్పుడు ఆయన పల్లేరు ముందు నిలబడి ఉన్నాడు. వేలు గాలిలోనే ఉంది. కిటికీ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వి, ఎవరిదో మోచెయ్యి తగిలి ఆపేశారు.

చివరికి వచ్చాడు. అక్కడ సన్నటి ఆకుల మొక్కలు రెండు పక్కపక్కన ఉన్నాయి. ఒకదాని మీది నుంచి ఇంకోదాని మీదికి చూశాడు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. వేలు దించి ఒకదాని మీద ఆనించాడు.

వసుంధర ఆ మొక్క వంక చూసింది.

కిటికీలోంచి రావమ్మ గొంతు వినిపించింది. ఎగతాళి లేదు ఆ గొంతులో. పెద్దవాళ్ళకు సాయం చేస్తున్నాననే అనుకుంది ఆ పిల్ల.

“అది వెంపలండి మాస్టారూ. పొలంలో ఎరువుకి తొక్కుతారు. కామెర్లకి పక్కదండి, నేల ఉసిరి.”

“నీకెవరు చెప్పారు?” అని అడిగింది వసుంధర.

“ఎవరూ చెప్పలేదండి. అందరికీ తెలుసు గదండి.”

కిటికీకి వేలాడుతున్న తలలన్నీ ఔనన్నట్టు ఊగాయి. మూడు తరాలుగా తలుపులు మూసుకుని దాచిన ఆకు పేరు ఆ ఊళ్ళో మేకలు కాసే ప్రతి పిల్లకూ తెలుసు. పెద్దవాళ్ళ ముందు పలకరంతే. తెలియనిది ఒక్కరికే. ఆ ఒక్కరూ వెంపలి మీది నుంచి వేలు తీయడం మరిచిపోయి అలాగే నిలబడి ఉన్నాడు.

లాజరు లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. మాస్టారూ, శనివారం ఆకు ఎవరు కోశారని ఒక్క మాటే అడిగాడు.

పున్నారావు పిల్లలు కూర్చునే బెంచీ మీద కూర్చున్నాడు. మాట్లాడటం మొదలుపెట్టాక ఆగలేదు.

“నేనే. శనివారం అసురసంధ్య వేళ, వానలో, లాకుల దగ్గర పడమటి గట్టు మీద. గొడుగు కింద వంగి కోశాను. అంకాలమ్మ అక్కడికే పోతుందని తెలుసు. ఏం కోస్తుందో తెలియదు. ఏడాదిగా ఆమె మూట తేవడం, నేను నూరడం. మూటలో ఆకు చీకట్లో తడిసి ముద్దగా ఉంటుంది. చూడాలని ఎప్పుడూ అనిపించలేదు. చూడకపోయినా జరిగిపోతోందిగా.

“మా నాయన నాకు చూపించలేదని కాదు. నా పదో ఏట తెనాలిలో మా మావయ్య ఇంట చదువుకి వేశారు. పన్నెండో ఏట గ్రహణం రోజున పిలిపించారు. తెల్లారకముందే గట్టు మీదికి తీసుకెళ్ళి, ఆకు పీకి నా గుప్పెట్లో పెట్టి వేళ్ళు మూశారు. గుప్పెట తెరిచి చూడకూడదు. అట్లాగే నోట్లో పెట్టుకుని నమలాలి. అదీ మా ఇంట్లో నేర్పే పద్ధతి. నాలుకతో నేర్చుకున్నవాడు మరిచిపోడంటారు. మర్నాడే నన్ను రైలెక్కించారు. మళ్ళీ అడుగుదామంటే, అడిగితే పసరు పారదు. పోయేముందు మూడు నెలలు ఆయన మంచంలో ఉన్నారు. నేను మంచం పక్కనే ఉన్నాను. నీకు తెలుసుగా అన్నట్టు చూసేవారు. తెలుసన్నట్టు తల ఊపేవాణ్ణి.

“తరవాత పుస్తకాలు కొన్నాను. అన్నీ కంఠస్థం చేశాను. ఏ పుస్తకం చదివినా పేరు దొరికేది, మొక్క దొరికేది కాదు. ఎవర్నడగను? అంకాలమ్మనా? ఏడో తరగతి పిల్లల్నా? వెంకట్రామయ్య గారబ్బాయికి తన మందు తనకి తెలియదట అని ఊరంతా అనుకోదూ?”

“ఆ ఆకు ఏంటి మాస్టారూ?” వసుంధర అడ్డుపడింది. “అది చెప్పండి ముందు. అయిదింటికి రైలు.”

“అదే కదమ్మా నేను చెప్పలేనిది. నాకు దాని పేరు తెలియదు. సన్నగా ఉంది, చేతికి దొరికింది. చూపించమంటావేమో. చూపించడానికి కూడా లేదు. చెంచురామయ్య పోయాడని సోమవారం పొద్దున ఆసుపత్రిలోనే తెలిసింది. మొదటి రైలుకి ఊరొచ్చి, తొమ్మిదింటికల్లా నలుగురు మనుషుల్ని పెట్టి ఆ గట్టంతా చెక్కించి కాలువలోకి నెట్టించాను.”

వసుంధర కిటికీ వైపు తిరిగింది. లాకుల దగ్గర పడమటి గట్టున మేకలు మేపావా ఎప్పుడన్నా అని రావమ్మను అడిగింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

“అక్కడ మేపమండి. మేకలు ముట్టని మొక్క ఒకటుంటది అక్కడ. మా నాన్న తోలనివ్వడు.”

“దాని పేరు?”

“పేరు తెలీదండి. కనబడితే మాత్రం చెప్తాను.”

వసుంధర గడియారం చూసింది. నాలుగూ పది. కాలువ సోమవారం నుంచి పారుతూనే ఉంది. ఆ గట్టు మొక్కలు ఏ రేవున చిక్కుకున్నాయో, సముద్రానికే పోయాయో. ఆమె సంచి భుజాన వేసుకుని, రావమ్మను తనతో రమ్మని చెయ్యి చాపింది. లాజరు మాస్టారి మోచెయ్యి పట్టుకుని లేపబోయాడు. అంకాలమ్మ మీదికి ఎందుకు తోశావని అడిగాడు.

“ఆమె నోరు విప్పదని తెలుసు. చంపినా ఆకు పేరు చెప్పదు. మా నాయనకి మాటిచ్చింది. ఆ మాట మీదే ధైర్యం తెచ్చుకున్నాను.” పున్నారావు లేవలేదు. తలుపు దాకా పోయిన వసుంధరను పేరు పెట్టి పిలిచాడు. “ఇది కూడా విని వెళ్ళమ్మా. తెలియక జరిగిందని డాక్టరు గారితో చెబుతావు. కోర్టులోనూ చెబుతావు, నీది మంచి మనసు. అట్లా చెప్పొద్దు. పసరు పోసేవాడు గిన్నె ఇంకొకరికి అందించే ముందు తను ఒక గుటక తాగాలి. మా నాయన యాభయ్యేళ్ళు తాగారు. ఆకు ఏదో తెలియకపోయినా ఆ చేదు మాత్రం నాకు పన్నెండో ఏటి నుంచీ నాలుక మీదే ఉంది. తాగితే నాకు ఇట్టే తెలిసిపోయేది. ఆదివారం పొద్దున చెంచురామయ్య చేతులు జోడించి ఎదురుగా నిలబడ్డాడు. మీ అక్క అరుగు మీద కూర్చుని ఉంది. నేను గిన్నె పెదవులకి ఆనించాను, గొంతు కదిలించాను. పసరు లోపలికి పోనివ్వలేదు, కండువాలోకి ఒంపేశాను. అప్పుడే నాకు అనుమానం ఉంది వసుంధరా. అందుకే తాగలేదు. తాగకుండా వాళ్ళకిచ్చాను.”